తేనెటీగలూ చేపలూ ఒకే వాక్యంలో

కార్నెల్ లోయలో ఆగస్టు వచ్చిందంటే తేనెటీగలున్న ఇంటివాళ్ళందరూ ఈగలు కాపురముండే తమ గడ్డిబుట్టలను గుడ్డల్లో మూటగట్టి, తోపుడు బండ్ల మీద కొండెక్కిస్తారు. కొండంతా పూసే హెదర్ పొదల పూలు వాడిపోయేదాకా, వాటి తేనె కోసం, ఆ బుట్టలు పైన రాతిపలకల మీద బోర్లించి ఉంటాయి. కాపలా ఎవరూ ఉండరు. ఒకరి బుట్ట మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు. వెయ్యకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ గురువారం పొద్దున టిబ్బీ రాటరే పైకి వెళ్ళేసరికి తన ఆరు బుట్టలకు అయిదే ఉన్నాయి.

ఖాళీ అయిన పలక చివరిది. దాని మీద గుప్పెడు ఈగలు ముద్దగా అంటుకుని ఉన్నాయి. మరికొన్ని గాలిలో గిరగిరా తిరుగుతూ, గుమ్మం ఉండాల్సిన చోటికి వచ్చి, లేక, మళ్ళీ తిరుగుతున్నాయి. రాత్రి చలికి కొన్ని అప్పటికే కింద రాలి ఉన్నాయి.  మిగతా వాటిలో ఏ బుట్ట పోయినా టిబ్బీకి ఇంత బాధ ఉండేది కాదు. ఇది నాన్న బుట్ట. గోడలు కట్టే రాటరే చనిపోయేనాటికి కూతురికి వదిలి వెళ్ళింది రెండే: వెన్నువిరిగి మంచాన పడ్డ తమ్ముడు డేవీ, ఈ ఈగలు. మిగతా అయిదు బుట్టల్లో నాలుగు దీని పిల్లలే.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఈగలు పలక దగ్గరికి తిరిగి వస్తున్నాయంటే బుట్ట ఎంతో దూరం పోలేదన్నమాట. దూరం తీసుకుపోతే ఈగలకు పాత దారి తెలియదు. దగ్గరలోనే దింపితే మాత్రం తుర్రున ఎగిరి పాత ఇంటికే వస్తాయి. ఈ సంగతి లోయలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. దొంగకూ తెలిసే ఉండాలి. తెలిసీ ఇలా చేశాడంటే వాడికి పొగరైనా ఉండాలి, ఏదో పొరపాటైనా జరిగి ఉండాలి.

దొంగ ఎవరో ఆలోచించే పని టిబ్బీకి లేదు. జూన్ నుంచీ ఆర్చీ మెల్డ్రమ్ ఆమె కేసి చూసే చూపు ఒక్కటే చాలు.

ఆర్చీ దొరగారి చేపల కుంటకు కాపలాదారు, పైగా చర్చి పెద్ద. జూన్‌లో ఒక ఆదివారం, సరిగ్గా ప్రార్థనకు బయలుదేరే వేళకు, అతని ఈగల గుంపు ఒకటి కొత్త గూడు వెతుక్కుంటూ పొంగి ఎగిరింది. గుంపు ఎగిరితే చెయ్యాల్సిందేమిటో అందరికీ ఎరుకే. తలుపు తాళంచెవి తీసుకుని ఇత్తడి గిన్నె మీద టంగుటంగున వాయిస్తూ దాని వెంటపడాలి. ఆ చప్పుడు ‘ఇవి నావి, నా కళ్ళు వీటి మీదే ఉన్నాయి’ అని ఊరికి చాటడం. చప్పుడు లేకుండా గుంపు కంటికి మరుగైతే, అది వాలిన చోటు ఎవరిదైతే వాళ్ళ సొత్తు. అయితే పనీ చప్పుడూ నిషిద్ధమైన ఆదివారం నాడు గిన్నె వాయించడం ఎలా? అదీ చర్చి పెద్ద? ఆర్చీ నల్లకోటు వేసుకుని, చేతిలో బైబిలు పట్టుకుని, నోరు మెదపకుండా గుంపు వెనక పరుగెత్తాడు. వాగు దాకా వచ్చి బూట్లు తడుస్తాయని ఆగాడు. గుంపు వాగు దాటి టిబ్బీ పెరటిగోడ గూట్లో ఉన్న ఖాళీ బుట్టలో దూరింది.

సోమవారం పొద్దున్నే వచ్చాడు.

“టిబ్బీ, నా గుంపు నీ దగ్గరుంది.”

“గుంపు ఉంది. నీదని ఎవరన్నారు? గిన్నె చప్పుడేదీ నాకు వినపడలేదే.”

“ఆదివారం! దేవుడి రోజున గిన్నెలు వాయిస్తానా?”

“మరి దేవుడి రోజున ఈగల వెంట పరుగెత్తొచ్చా?”

“పరుగెత్తలేదు. వేగంగా నడిచాను.”

“అయితే వేగంగా నడిచి వెళ్ళిపో.”

ఆ మాట లోయంతా పాకింది. ఆర్చీ ఎక్కడ కనపడినా కుర్రకారు “వేగంగా నడుస్తున్నారా, పెద్దాయనా?” అని పలకరించేవాళ్ళు. అందుకే ఇప్పుడు టిబ్బీకి అనుమానం లేదు.

పలక మీది ఈగలను ఆమె ఏప్రన్‌లోకి మెల్లగా దులిపి మూట కట్టుకుని, నేరుగా కానిస్టేబుల్ గిలీస్ ఇంటికి వెళ్ళింది. స్టేషనంటే అతని వంటింటి పక్క గదే. మనిషి మంచివాడు, కుర్రవాడు. మూడేళ్ళుగా ఈ లోయలో తాగి పడిపోయినవాళ్ళను ఇంటికి చేర్చడం తప్ప వేరే కేసు దొరకలేదు.

“తేనెటీగల దొంగతనమా?” అతని ముఖం వెలిగిపోయింది. “ఆగు టిబ్బీ, దీనికి చట్టముంది. చాలా పాతది. పరీక్షకి చదివాను కూడా.”

అల్మరాలోంచి లావుపాటి పుస్తకం తీసి పేజీలు తిప్పసాగాడు. టిబ్బీకి ప్రాణం లేచివచ్చినట్టయింది. చిన్నప్పటి నుంచీ దొరగారింటి బట్టలుతికి అరచేతుల చర్మం ఊడిన ఆడమనిషి కోసం కూడా ఎవరో రాజు ఎప్పుడో ఒక చట్టం రాసిపెట్టాడు! 

“ఇదుగో. మూడొందల ఏళ్ళ కిందటిది. ఇప్పటికీ చెల్లుతుంది.” గిలీస్ గొంతు సవరించుకుని చదివాడు. “తేనెటీగలను గానీ, సొంత కుంటల్లో చెరువుల్లో ఉండే చేపలను గానీ అపహరించినవారు...”

“ఏంటీ? మళ్ళీ చదువు.”

“తేనెటీగలను గానీ, చేపలను గానీ...”

“ఈగల గురించి చెప్పమంటే మధ్యలో చేపలెందుకొచ్చాయి?”

“రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి మరి. ఈగల దొంగైనా చేపల దొంగైనా దొంగ దొంగే. బాగుంది కదూ!”

టిబ్బీ దొరగారి దుప్పట్లు ఉతికేది కుంట తూము దగ్గర. ఆ తూము కాలవలో ట్రౌట్ చేపలు రాళ్ళ కింద నిద్రపోతుంటాయి. పొట్ట కింద వేలితో మెల్లగా గోకితే చాలు, మత్తెక్కి చేతిలోకే వస్తాయి. ఆ విద్య డేవీయే నేర్పాడు, కాళ్ళు బాగున్న రోజుల్లో. వారానికో చేప తడిదుప్పటి మడతల్లో ఇల్లు చేరేది. ఓట్ పిండిలో పొర్లించి వేయిస్తే డేవీ ఆ ఒక్క పూట మనిషిలా తినేవాడు. దాన్ని దొంగతనమని టిబ్బీ ఎప్పుడూ అనుకోలేదు. లోయలో ఎవరూ అనుకోరు. దొరకు మాత్రం లెక్క తెలుసా ఏమిటి?

“గిలీస్ బాబూ, పోనీలే. ఒకసారి నేనే ఆర్చీతో మాట్లాడి చూస్తాను.”

“అదేం కుదరదు! ఫిర్యాదు ఇచ్చావు. నేను విన్నాను.” అతను అప్పటికే హెల్మెట్ పెట్టుకున్నాడు. “పద.”

తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. టిబ్బీ ఏప్రన్ మూట గుండెకు అదుముకుని అతని సైకిలు వెనక నడిచింది. మూటలో ఈగలు సన్నగా మూలుగుతున్నాయి.

ఆర్చీ ఇంటి వెనక కోళ్ళగూటి చాటున, గోనెపట్టా కప్పిన బుట్ట ఒకటుంది. గిలీస్ పట్టా లాగాడు. మిగతా బుట్టల్లాగే ఉంది. ఎండుగడ్డి పేని, ముళ్ళతీగ పీచుతో కుట్టిన బుట్టలు లోయలో ఏవి చూసినా అక్కచెల్లెళ్ళే. టిబ్బీ తన బుట్టల అంచున కుట్టే నీలం గుడ్డపీలిక మాత్రం దీనికి లేదు. పీకేసిన చోట కుట్టురంధ్రాలు ఉన్నాయి.

“ఇది నా బుట్ట,” అన్నాడు ఆర్చీ గడ్డం పైకెత్తి. “నా ఈగలు.”

“ఎప్పటి నుంచి?” అంది టిబ్బీ.

“ఎప్పటి నుంచో.”

టిబ్బీ ఇంక వాదించలేదు. ఏప్రన్ విప్పి మూటలోని ఈగలను బుట్ట గుమ్మం ముందు పలక మీద కుమ్మరించింది. పరాయి ఈగలైతే కాపలా ఈగలు మీదపడి కుట్టి ఈడ్చేస్తాయి. ఇవి ఒకదాని వెనక ఒకటి, తోకలు పైకెత్తి రెక్కలాడిస్తూ, సంతకు వెళ్ళి ఆలస్యంగా ఇల్లు చేరిన పిల్లల్లా లోపలికి నడిచిపోయాయి. ఒక్కటీ పోట్లాడలేదు. గిలీస్ వాళ్ళమ్మ కూడా ఈగలు పెంచింది. అతనికి చెప్పాల్సిన పని లేకపోయింది.

“ఇవి కొండమీంచి తెచ్చిన ఈగలా?” అని టిబ్బీని అడిగాడు.

“నా ఖాళీ పలక మీంచి.”

అప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఆర్చీ భార్య బెల్లా చేతులు నలుపుకుంటూ బయటికి వచ్చింది. “నా వల్లే వచ్చింది ఇదంతా. పాత దారి మరిచేలా గుమ్మంలో గడ్డి కుక్కి మూడ్రోజులు లోపలే ఉంచమన్నాడీయన. లోపల్నుంచి ఆ హోరు, ఆ ఏడుపు! నా వల్ల కాలేదమ్మా. రెండోరోజే గడ్డి పీకేశాను.”

“బెల్లా!” ఆర్చీ ముఖం కందగడ్డయింది. ఇంక దాచే ప్రయత్నం చెయ్యలేదు. “సరే, తెచ్చాను. దొంగతనం కాదు. జూన్‌లో పోయిన నా గుంపును నేను తెచ్చుకున్నాను. అదీ సోమవారం వచ్చాకే. ఆదివారం ముట్టనైనా ముట్టలేదు.”

టిబ్బీ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. “నీ గుంపా? ఓరి నా తండ్రీ! నీ గుంపు కొండ మీద వరసకు ఈ చివర కాదు, ఆ చివరి పలక మీద చల్లగా ఉంది. నువ్వు ఎత్తుకొచ్చింది మా నాన్న బుట్ట! దొంగతనం కూడా సరిగ్గా రాలేదా నీకు?”

ఆర్చీ చీకటి విడకముందే కొండెక్కి, ఏ చివరో తేల్చుకోలేక, చేతికందింది ఎత్తుకొచ్చాడు పాపం. గిలీస్ గొంతు సవరించుకుని సంచీలోంచి పుస్తకం తీశాడు. మొదటి కేసు కదా, నిలబడి చదవాలని అతని కోరిక. “తేనెటీగలను గానీ, సొంత కుంటల్లో...”

“ఆగక్కడ,” అన్నాడు ఆర్చీ. తేరుకున్నాడు. కళ్ళలో ఏదో మెరిసింది. “కుంటల్లో ఏమిటన్నావు?”

“చేపలను గానీ.”

“ఆహా. బెల్లా, దొరసాని దిండుగలీబు సంగతి చెప్పు.”

“నేను చెప్పను.”

“నేనే చెబుతాను. దొరగారింట్లో ఇస్త్రీ చేస్తుంటే బెల్లాకు ఆ దిండుగలీబుకు అంటుకుని ట్రౌట్ పొలుసు కనపడింది. ఒకసారి కాదు. దొరగారి దిండుకు పొలుసులెలా మొలుస్తాయి, టిబ్బీ? కుంట కాపలా నాది. నువ్వు నన్ను రాయించు, నేను నిన్ను రాయిస్తాను. ఒకే వాక్యం, ఒకే కాగితం, ఖర్చు కలిసొస్తుంది.”

టిబ్బీ పళ్ళు కొరికింది. ‘వీడు గెలవడమా?’ అనుకుంది. “రాయి, గిలీస్. ఇద్దరినీ రాయి. తిన్నాను. మా డేవీకి పెట్టాను. ఇంకా ఎవరెవరికి పెట్టానో కూడా రాయి.”

“ఎవరికి?” అని అడిగేసి, అంతలోనే అడగకుండా ఉండాల్సిందని గిలీస్‌కు తట్టింది.

“మార్చి నెలలో డేవీని చూడ్డానికొచ్చి, ‘టిబ్బీ, ఇంత మంచి చేప పర్త్ పట్నంలో కూడా దొరకదు’ అని రెండోది కూడా వడ్డించుకున్నదెవరు?”

అందరూ గిలీస్ కేసి చూశారు. కోడి ఒకటి కొక్కొరోకో అంది. గిలీస్ పుస్తకం మూసి సంచీలో పెట్టి, సంచీ కట్టు రెండుసార్లు బిగించాడు. “మీరూ మీరూ ఇరుగుపొరుగు వాళ్ళు,” అన్నాడు కొండలకేసి చూస్తూ. “మాట్లాడుకుంటే పోయేదానికి...” సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం టిబ్బీ ఇంట్లో గిన్నెలన్నీ మామూలుకంటే గట్టిగా చప్పుడయ్యాయి. డేవీ మంచం మీంచి కాసేపు విన్నాడు.

“అక్కా, సొట్టలు పోతే మళ్ళీ కొనాలి.”

“నోర్ముయ్ రా! వాడు దొంగ అని వాడే ఒప్పుకున్నాడు. పోలీసు విన్నాడు. ఈగలు సాక్ష్యం చెప్పాయి. అయినా బుట్ట వాడింట్లోనే ఉంది! ఇదెక్కడి న్యాయం?”

“పూలు వాడాక ఏం చేస్తాడు దాన్ని?”

టిబ్బీ చేతులు ఆగిపోయాయి. ఆమె పొద్దుటి నుంచి తలపుకు రానివ్వనిది అదే. ఆర్చీ పాతకాలం మనిషి. సెప్టెంబరులో గుంట తవ్వి, గంధకం ముట్టించి, బుట్టను దానిమీద పెడతాడు. ఈగలన్నీ చచ్చి రాలాక తేనె తీసుకుంటాడు. రాటరే ఇంట్లో ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు. బుట్టను తట్టి, ఈగలను వేరే బుట్టలోకి నడిపించి, వాటి చలికాలానికి సరిపడా తేనె వదిలేవాడు నాన్న. అందుకే ఆ వంశం ఇన్నేళ్ళుంది.

“వాడి గుంపు వాడికిచ్చి మన బుట్ట తెచ్చుకోవే,” అన్నాడు డేవీ మెల్లగా.

“వాడి గుంపేంట్రా! గిన్నె చప్పుడు లేదు, నా గూట్లో వాలింది. అది నాదే. నాది ఇచ్చి నాది తెచ్చుకోవాలా? పైగా ఇస్తే వాడిదేనని ఒప్పుకున్నట్టు కాదూ?”

“కాదని ఎవరన్నారు? అవును. ఒప్పుకున్నట్టే.” డేవీ కళ్ళు మూసుకున్నాడు. “ఈగలకు మాత్రం అది తెలియదుగా.”

టిబ్బీ మర్నాడంతా పంతం పట్టింది. పొద్దునా సాయంత్రమూ కొండెక్కింది. రెండుసార్లూ పలక మీద దారితప్పిన ఈగలు చలికి ముడుచుకుని కనపడ్డాయి. వాటిని ఏప్రన్‌లో పోసుకుని, తిట్టుకుంటూ కిందికి దిగి, ఆర్చీ పెరట్లో ఆ బుట్ట గుమ్మం ముందు వదిలింది. దొంగకు తను దొంగిలించలేకపోయినది కూడా మోసి పెట్టినట్టుంది ఆమెకు. కిటికీలోంచి బెల్లా చూసి తెర వేసేసింది. ఆర్చీ మాత్రం గడపలో నిలబడి, “శ్రమ పడుతున్నావు, టిబ్బీ,” అన్నాడు.

శనివారం ఆమె జూన్ గుంపు బుట్టను గుడ్డలో కట్టి, తోపుడు బండి మీద ఆర్చీ గుమ్మంలోకి తోసుకెళ్ళింది.

“అంటే ఒప్పుకున్నట్టేనా?” అన్నాడు ఆర్చీ.

టిబ్బీ బండి వదల్లేదు. “బుట్ట ఇస్తావా, ఇవ్వవా?”

“ముందు మాట చెప్పు. ఇది ఎవరి గుంపు?”

“...నీది.”

ఆ ఒక్క మాట ఆమె గొంతు దాటడానికి పట్టిన సమయంలో దుప్పటి పిండి ఆరవెయ్యవచ్చు. ఆర్చీ తల పంకించి, నాన్న బుట్టను తనే మోసుకొచ్చి బండి మీద పెట్టాడు.

సోమవారం ఆమె కొండ మీదికి వెళితే, ఇంకో వింత. జూన్ గుంపు ఉన్న పలక ఇప్పుడు ఖాళీ కదా. బెల్లా మళ్ళీ గడ్డి పీకేసినట్టుంది. పలక పక్కన ఆర్చీ మోకాళ్ళ మీద కూర్చుని, తన ఆదివారం టోపీలోకి ఒక్కొక్క ఈగనూ వేలితో ఎక్కించుకుంటున్నాడు. చుట్టుపక్కల ఎవరైనా చూస్తున్నారేమోనని తలెత్తి, టిబ్బీని చూసి బిక్కచచ్చాడు. ఆమె దగ్గరికి నడిచింది. తర్వాత ఏప్రన్ విప్పి అతని మీదికి విసిరింది.

“టోపీ బొచ్చుకు కాళ్ళు చిక్కుకుంటాయి. ఇది తీసుకో.”

అతను థాంక్స్ చెప్పలేదు. ఏప్రన్ మాత్రం బెల్లా ఉతికి పంపింది. అంత జాగ్రత్తగా ఈగలను ఏరుకున్న మనిషి సెప్టెంబరు చివర్లో గంధకం ముట్టించాడు. వాగు ఇవతల దాకా ఆ ఘాటు వచ్చింది. టిబ్బీ కిటికీ మూసి, డేవీ ముందు జావ గిన్నె పెట్టింది. చేప లేదు. తూము దగ్గర ఆర్చీ ఇప్పుడు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు.

“మళ్ళీ జావేనా?” అన్నాడు డేవీ.

“రాజుగారిని అడుగు,” అంది టిబ్బీ.

చలికాలం గడిచింది. నాన్న బుట్ట బతికింది. జూన్ వచ్చింది. ఆదివారం వచ్చింది. చర్చిలో పాదిరీ రెండో ప్రసంగం ఎత్తుకున్న వేళ, జలుబు చేసిన డేవీ దగ్గర ఇంట్లోనే ఉండిపోయిన టిబ్బీకి పెరట్లో హోరు వినపడింది. నాన్న బుట్టే. గుమ్మంలోంచి ఈగలు వాగు పొంగినట్టు పొర్లుతున్నాయి. పాత రాణి ఈగ గుంపుతోనే వెళుతుంది. ఇది పోతే ఆ వంశంలో అసలుదే పోయినట్టు.

ఆమె గిన్నె తీసింది. తాళంచెవి తీసింది. డేవీ మంచం మీంచి, “అక్కా, ఆదివారం!” అని అరిచాడు.

“తెలుసురా!”

టంగ్. టంగ్. టంగ్. గుంపు వాగు దాటింది, ఆమె బూట్లతోనే వాగు దాటింది. గుంపు చర్చి మీదుగా పోయింది, ఆమె చర్చి కిటికీల కిందుగా గిన్నె వాయిస్తూ పోయింది. ప్రసంగం ఆగింది. తలుపు తెరుచుకుంది. నల్లకోట్లన్నీ బయటికొచ్చాయి, ముందు ఆర్చీ, వెనక గిలీస్. గుంపు నేరుగా దొరగారి కుంట మీదికి వెళ్ళి, నడిమధ్యకు వంగిన ఆల్డర్ చెట్టు కొమ్మకు నల్లటి గుత్తిలా వేలాడింది.

టిబ్బీ గట్టున ఆగి ఊపిరి పీల్చుకుంది. ఎవరో ఖాళీ బుట్ట ఒకటి తెచ్చిచ్చారు. బెల్లా అయ్యుంటుంది. బుట్ట నెత్తిన పెట్టుకుని, దొరగారి కుంటలోకి, అందరూ చూస్తుండగా, నడుము లోతు దాకా దిగింది. కొమ్మ కింద బుట్ట తిరగేసి పట్టుకుని, భుజంతో కొమ్మను ఒక్క కుదుపు కుదిపింది. గుత్తి దబ్బున బుట్టలో పడింది. రెండు చేతులూ చాచి, బరువుకు వణుకుతూ, కదలకుండా నిలబడింది. చెదిరిన ఈగలన్నీ లోపలికి చేరేదాకా అలాగే ఉండాలి.

“టిబ్బీ!” గట్టు మీంచి ఆర్చీ అరిచాడు. “నీ బుట్టలో ఈగలే కదా?”

“దిగొచ్చి చూసుకో!”

జనం నవ్వారు. గిలీస్ మాత్రం కొండలకేసి శ్రద్ధగా చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు నీటి కింద ఆమె పిక్కకు ఏదో మెత్తగా ఆనుకుంది. ట్రౌట్. మామూలుది కాదు, మోచేతి పొడవున్నది. లంగా నీడలో చల్లగా ఉందనుకుందేమో, పొట్ట ఆమె కాలికి ఆనించి నిద్రకు పడింది. జీవితంలో ఇంత పెద్ద చేప ఇంత తేలిగ్గా ఆమె దగ్గరికి రాలేదు. ఇంట్లో డేవీ జావ ముందు కూర్చుని ఉంటాడు. ఒక్క చెయ్యి, ఒకే ఒక్క చెయ్యి ఖాళీగా ఉంటే చాలు.

టిబ్బీ బుట్టను రెండు చేతులా గట్టిగా పట్టుకుని, తనకు తెలిసిన తిట్లన్నీ పెదవి కదపకుండా, ఈగలనూ చేపలనూ ఒకే వాక్యంలో రాసిన ఆ రాజును తిట్టింది.